ప్యాచ్‌ని ఓసారి తిరగేసి చూడండి
(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

కిందటి సంచికలో నా ప్యాచ్‌ల పెట్టె గురించి రాశాను. యుద్ధకాలంలో పైలట్లు, మెకానిక్‌లు తమ జాకెట్ల మీదా, ఫ్లయింగ్ సూట్ల మీదా సరదాకి కుట్టించుకున్న బొమ్మల గుడ్డలు అవి. ఒక్కోటీ అరచేయంత ఉంటుంది. చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమంది అడిగినవీ, అడిగింది ఒక్కరే అయినా నన్ను ఆలోచనలో పడేసినవీ తీసుకున్నాను.

*మేడమ్, మీరు ఎంబ్రాయిడరీ గురించి రాసేవారు కదా. యుద్ధ విమానాల ప్యాచ్‌ల మీదికి మనసు ఎలా మళ్లింది?*
– ఒక గృహిణి

దారమే లాక్కెళ్లిందండీ. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఉన్న రోజుల్లో పాత సామాన్ల సంతకి వెళ్లేదాన్ని. ఒకసారి రీళ్ల కోసం ఒక కుట్టుపెట్టె కొన్నాను. ఇంటికొచ్చి బొత్తాలన్నీ బల్ల మీద బోర్లిస్తే అడుగున ఒక ప్యాచ్ కనిపించింది. ఒంటికంటి మీద నల్ల గంత, పళ్ల మధ్య కత్తి, నెత్తిన పైలట్ హెల్మెట్. ఒక సముద్రపు దొంగ బొమ్మ. కింద ఇంగ్లిష్‌లో 'యాంకీ ఎయిర్ పైరేట్' అని ఉంది. అమెరికా గాలిదొంగ అన్నమాట.

కుట్టుపని చేసే ఎవరైనా ముందు వెనక్కి తిప్పే చూస్తారు. నేనూ తిప్పాను. ముందు అయిదు రంగులుంటే వెనకంతా ఒకటే తెల్లదారం. అంటే కాలితో తొక్కే మిషన్ మీద కుట్టారు. పైదారం రంగు మారుస్తూ పోయారు, కింద బాబిన్ మార్చలేదు. ఒక అక్షరం నుంచి ఇంకో అక్షరానికి వెళ్లేటప్పుడు దారం తెంపలేదు, అలాగే లాగేశారు. అన్నిటికన్నా ముఖ్యంగా, అక్షరాలు రాసినట్టు లేవు, బొమ్మలు గీసినట్టున్నాయి. 'ఆర్' అక్షరానికి కాలు ముందు వేసి, తల తర్వాత తగిలించారు. ఇంగ్లిష్ రాని చెయ్యి అది. ఎదురుగా కాగితం పెట్టుకుని, చూసింది చూసినట్టు కుట్టుకుంటూ పోయిన చెయ్యి.

ఎవరిదా చెయ్యి అని వెతకడం మొదలుపెట్టాను. వియత్నాం యుద్ధంలో ఉత్తర వియత్నాం మీద బాంబులు వేసిన అమెరికా వైమానిక దళ విమానాల్లో చాలా భాగం బయల్దేరింది థాయిలాండ్ నుంచి. కోరాట్, తఖ్లీ, ఉడోర్న్, ఉబోన్, నఖోన్ ఫనోమ్ అక్కడి స్థావరాల ఊళ్లు. గేటు దాటితే దర్జీ షాపులు. పైలట్లు కాగితం మీద బొమ్మ గీసిస్తే దర్జీలు కుట్టిచ్చేవారు. నా గాలిదొంగ ఆ షాపుల పనే.

పేరు వెనక కథ ఇంకా బాగుంటుంది. ఉత్తర వియత్నాం రాజధాని హనోయ్ రేడియో అమెరికా పైలట్లని 'యాంకీ గాలిదొంగలు' అని తిట్టేది. ఆ తిట్టు విని పైలట్లు సంబరపడ్డారు. 'మేమే ఆ దొంగలం' అని బొమ్మ వేయించుకుని భుజానికి తగిలించుకున్నారు. ఒకళ్లు తిట్టిన తిట్టుని, పడ్డవాళ్లే డబ్బిచ్చి కుట్టించుకున్న గుడ్డ అది. ఇది తెలిశాక ఆ కుట్టుపెట్టెలో రీళ్లని నేను మళ్లీ ముట్టలేదు.

*వై.జి.బి.ఎస్.ఎం. అని అయిదు అక్షరాలున్న ప్యాచ్ ఫొటో చూశాను. ముంగిసలాంటి జంతువు ఉంది. అర్థం ఏమిటి?*
– ఇంజినీరింగ్ విద్యార్థి

ఆ జంతువు వీజిల్. ముంగిసని తలపించే చిన్న జంతువు, ఎలక కలుగులోకి దూరి మరీ వేటాడుతుంది. ఆ అక్షరాలు ఒక ఇంగ్లిష్ వాక్యానికి పొట్టిరూపం. అందులో ఒక బూతుమాట ఉంది బాబూ, మర్యాదగా చెప్తే 'మీరు నాతో పరాచికాలాడుతున్నారు కదూ!' అని.

1965 జులై 24న ఉత్తర వియత్నాంలో సోవియట్ తయారీ ఎస్‌ఏ-2 క్షిపణి ఒక అమెరికా ఫాంటమ్ విమానాన్ని మొదటిసారి కూల్చింది. ఆ క్షిపణి పొడవు పది మీటర్ల పైమాటే. 'ఎగిరే టెలిఫోన్ స్తంభం' అనేవారు పైలట్లు. దీనికి విరుగుడుగా ఒక పద్ధతి ఆలోచించారు. రెండు సీట్ల ఎఫ్-100 విమానంలో, శత్రు రాడార్ సంకేతాలు పసిగట్టే పరికరాలు పెట్టారు. ముందు పైలట్, వెనక ఆ పరికరాలు చూసే అధికారి. వీళ్లు అందరికన్నా ముందు వెళ్లి, క్షిపణి రాడార్ తమ మీదికి తిరిగేలా చేసి, అది ఎక్కడుందో కనిపెట్టి, దాన్ని కొట్టాలి. మిగతావాళ్లు బాంబులు వేసి వెళ్లిపోయేదాకా అక్కడే ఉండాలి. కలుగులోకి దూరే పని కాబట్టి 'వైల్డ్ వీజిల్' అని పేరు.

జాక్ డోనవాన్ అనే కెప్టెన్ అంతకుముందు బి-52 బాంబర్‌లో ఎలక్ట్రానిక్ పరికరాలు చూసేవాడు. అది పెద్ద విమానం, చాలా ఎత్తున ఎగిరేది. అలాంటివాణ్ని పిలిచి, చిన్న ఫైటర్‌లో ఒక కుర్ర పైలట్ వెనక కూర్చుని క్షిపణుల ముందుకెళ్లి 'నన్ను కొట్టు' అన్నట్టు తిరగాలని చెప్పారు. ఆయన నోట్లోంచి వచ్చిన మాట అదీ. నవ్వొస్తుంది గానీ, ఆ నవ్వు దగ్గరే ఆగకండి. తర్వాత జరిగింది కూడా వినండి. 1965 నవంబర్లో మొదటి వీజిల్స్ కోరాట్ చేరాయి. డిసెంబర్ 20న ఒక వీజిల్ విమానం కూలింది. ముందు సీటు పైలట్ బందీ అయ్యాడు, వెనక సీటాయన ప్రాణాలు పోయాయి. రెండు రోజులకి, డిసెంబర్ 22న, ఆలెన్ లాంబ్ పైలట్‌గా, వెనక సీట్లో డోనవాన్‌తో వెళ్లిన విమానం మొట్టమొదటి క్షిపణి స్థావరాన్ని కొట్టింది. తన స్నేహితుడు కూర్చున్నలాంటి సీట్లోనే రెండు రోజులకి మళ్లీ కూర్చున్నాడు ఆయన. 'పరాచికాలా?' అన్నవాడు, పని మాత్రం చేశాడు. ఆ అయిదు అక్షరాలు ఈ రోజుకీ వీజిల్ పని చేసేవాళ్ల ప్యాచ్‌ల మీద ఉంటాయి.

*ఇలాంటి మాటలున్న ప్యాచ్‌లకి పై అధికారులు ఒప్పుకునేవారా?*
– రిటైర్డ్ ఉద్యోగి

స్క్వాడ్రన్ అంటే విమానదళంలో ఒక జట్టు. దాని అసలు చిహ్నానికి పద్ధతీ పాడూ ఉంటాయి. బొమ్మ పంపాలి, పైనుంచి అనుమతి రావాలి. సరదా ప్యాచ్‌లకి అవేం లేవు. పై అధికారి చూసీచూడనట్టు ఊరుకుంటే నడిచేది, కోప్పడితే జేబులోకి పోయేది. థాయ్ స్థావరాల్లో 'పార్టీ సూట్' అని ఒకటుండేది. ఫ్లయింగ్ సూట్ కత్తిరింపుతోనే, స్క్వాడ్రన్‌కో రంగులో దర్జీ దగ్గర కుట్టించుకునేవారు. దాని నిండా ఇవే ప్యాచ్‌లు. క్లబ్బులో కూర్చునే సాయంత్రాలకీ, ఎవరైనా ఇంటికి వెళ్లిపోతుంటే ఇచ్చే వీడ్కోలు విందుకీ వేసుకునేవారు. యుద్ధానికి బయల్దేరేటప్పుడు చాలాచోట్ల గుర్తులన్నీ తీసేసి వెళ్లేవారు, పట్టుబడితే ఏ దళమో తెలియకూడదని. అందుకే కొన్ని ప్యాచ్‌లు అంత యుద్ధం చూసి కూడా కొత్తవాటిలా ఉంటాయి.

'100 మిషన్లు' అని రాసిన ప్యాచ్ మాత్రం సరదాదైనా బరువైంది. 1966 నుంచి వైమానిక దళంలో ఉత్తర వియత్నాం మీదికి వందసార్లు వెళ్లొస్తే ఇంటికి పంపేవారు. పక్కనున్న లావోస్ మీదికి వెళ్లినవి ఆ లెక్కలోకి రావు. అక్కడా తుపాకులు పేలతాయి, కానీ లెక్కలేదు. ఆ దాడులకి ఎక్కువగా వెళ్లిన ఎఫ్-105 విమానాలు మొత్తం 833 తయారైతే, దాదాపు సగం ఆ యుద్ధంలోనే పోయాయి. వంద పూర్తి చేసినవాడు కుట్టించుకున్న ప్యాచ్ చేత్తో పట్టుకుంటే, పూర్తి చెయ్యనివాళ్లే నాకు ముందు గుర్తొస్తారు.

*ఆన్‌లైన్‌లో ఒక వియత్నాం కాలపు ప్యాచ్ అమ్ముతున్నారు. అసలుదో నకిలీదో ఎలా తెలుసుకోవాలి?*
– కొత్తగా సేకరణ మొదలుపెట్టినవాడు

నాకు జరిగింది చెప్తాను, అందులోనే జవాబుంది.

ఒక ప్రదర్శనలో 'లావోషియన్ హైవే పెట్రోల్' ప్యాచ్ కనిపించింది. అమెరికాలో హైవే పెట్రోల్ అంటే రోడ్ల మీద స్పీడుగా వెళ్లే కార్లని ఆపే పోలీసులు. లావోస్ అడవుల్లోంచి ఉత్తర వియత్నాం సామాను దక్షిణానికి పంపించే దారులుండేవి, హో చి మిన్ దారి అని వాటికి పేరు. రాత్రిపూట ఆ దారుల మీద ట్రక్కుల్ని వేటాడేవాళ్లు తమని తాము రోడ్డు పోలీసులనుకున్నారు. ఎంతోకాలంగా వెతుకుతున్న ప్యాచ్ అది. అమ్మే ఆయన మంచి కథ చెప్పాడు: 1968, నఖోన్ ఫనోమ్, పాత ప్రొపెల్లర్ విమానం నడిపిన పైలట్, ఆయన పోయాక ఇంట్లోవాళ్లు అమ్మేశారు. ఎనభై అయిదు డాలర్లు ఇచ్చేశాను. తిప్పి చూశాను కూడా. కానీ కథ విన్న సంతోషంలో, చూసింది బుర్రకెక్కలేదు.

ఇంటికొచ్చాక ముక్కుకి వాసన తగిలింది. పాతగుడ్డ వాసన వేరు, పెట్టెవాసన, ముక్కిన వాసన. ఇది టీ వాసన! తెల్లగుడ్డ కొంచెం తడిపి మూల మీద అద్దాను. గుడ్డకి లేత టీ రంగు అంటింది. పాతదనం కనిపించాలని టీ డికాక్షన్‌లో నానబెట్టారు. అప్పుడు టెన్షన్‌గా దీపం కింద పెట్టి మళ్లీ చూశాను. కుట్టు కుట్టుకీ మధ్య దూరం ఒక్క వెంట్రుక తేడా లేదు. మనిషి గుడ్డని చేత్తో తిప్పుకుంటూ కుట్టే మిషన్ మీద అలా రాదు. ఒంపు తిరిగేచోట కుట్లు ఒత్తుగా పడతాయి, తిన్నగా పోయేచోట పలచబడతాయి. నేను ముప్పై ఏళ్లుగా కుడుతున్నాను, నా చేతికే అది తప్పదు. ఇది కంప్యూటర్ మిషన్ కుట్టు. అమ్మినాయనకి తెలుసో తెలియదో నేను చెప్పలేను, ఆయన్నీ ఎవరో నమ్మించి ఉండొచ్చు. ఆ ప్యాచ్ ఇప్పటికీ నా దగ్గరుంది. కొత్తవాళ్లకి మొదట అదే చేతికిస్తాను.

ఇక చూడాల్సినవి. వెనకవైపు ముందు చూడండి. చేత్తో కుట్టినదైతే ముందు ఏ రంగో వెనకా అదే రంగు, ముడులతో సహా కనిపిస్తుంది. కాలిమిషన్‌దైతే వెనక బాబిన్ దారం ఒకే రంగులో, అక్షరాల మధ్య తెంపని దారాలతో ఉంటుంది. వెనక ప్లాస్టిక్ పొర అతికించి ఉంటే అనుమానించండి, ఆ పొర ప్యాచ్‌లకి ఎక్కువగా తర్వాతి కాలంలో వచ్చింది. చుట్టూ తాడులా ఉబ్బుగా, ఒకే మందంతో ఉండే అంచు మెర్రో అనే మిషన్‌ది. అమెరికా ఫ్యాక్టరీల్లో అది మామూలే. థాయ్, వియత్నాం దర్జీ షాపు ప్యాచ్ అని చెప్పి, దానికి ఈ అంచుంటే మాత్రం ఆగి ఆలోచించాలి. ఆ షాపుల పనిలో గుడ్డ కత్తిరించి వదిలేసిన అంచో, లోపలికి మడిచి కుట్టిన అంచో ఎక్కువ.

అతినీలలోహిత కాంతి టార్చి చాలామంది వాడతారు. కొత్త దారాల్లో మెరుపు కోసం కలిపే రసాయనాలు దాని కింద నీలంగా వెలుగుతాయి. అది మంచి సూచనే, కానీ తీర్పు చెప్పడానికి చాలదు. అవే రసాయనాలు బట్టల సబ్బుల్లోనూ ఉంటాయి. అసలు ప్యాచ్‌ని ఆ పైలట్ భార్య పదిసార్లు ఉతికి ఉంటే అదీ వెలుగుతుంది! అలాగే స్పెల్లింగ్ తప్పుంటే అసలుదేనని ఒక నమ్మకం ఉంది. నకిలీలు చేసేవాళ్లకి ఆ నమ్మకం సంగతి మనకన్నా ముందే తెలుసు, కావాలనే తప్పులు కుడతారు. హో చి మిన్ నగరంలో దాన్ సిన్ మార్కెట్ అని పాత యుద్ధసామాగ్రి అమ్మేచోటు ఉంది. అక్కడ అసలువీ, నిన్న కుట్టినవీ ఒకే బుట్టలో దొరుకుతాయి.

మీరు పంపిన లింకులో ముందువైపు ఫొటో ఒక్కటే ఉంది. వెనకవైపు ఫొటో అడగండి. ఇవ్వనంటే కొనకండి.

*అమ్మమ్మా, రెండో ప్రపంచయుద్ధంలో మిక్కీమౌస్ ప్యాచ్‌లు ఉండేవని మా టీచర్ చెప్పారు. నిజమేనా?*
– తొమ్మిదో తరగతి అమ్మాయి

నిజమే తల్లీ. వాల్ట్ డిస్నీ స్టూడియోలో హ్యాంక్ పోర్టర్ అనే చిత్రకారుడి చేతికింద ఒక చిన్న బృందం పనిచేసేది. దళాలు ఉత్తరం రాస్తే బొమ్మ గీసి పంపేవారు, డబ్బు తీసుకునేవారు కాదు. 1,200కి పైగా చిహ్నాలు గీశారు. అందులో అందరూ ఎక్కువ అడిగింది మిక్కీని కాదు, డొనాల్డ్ డక్‌ని. ఆ బాతుకి కోపమెక్కువ కదా, యుద్ధానికి ఆ మొహమే నప్పింది. చైనా కోసం జపాన్‌తో పోరాడిన 'ఫ్లయింగ్ టైగర్స్' పైలట్లకి రెక్కలున్న పులి బొమ్మ కూడా ఆ స్టూడియో గీసిందే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఫిఫినెల్లా. విమానంలో ఏదైనా చెడిపోతే 'గ్రెమ్లిన్లు చేశాయి' అనేవారు బ్రిటిష్ పైలట్లు. కంటికి కనిపించని అల్లరి దయ్యాలన్నమాట. పైలట్‌గా పనిచేసిన రోల్డ్ డాల్ వాటి మీద ఒక కథ రాశాడు, డిస్నీ వాళ్లు దానికి బొమ్మలు వేశారు. అందులో ఆడ గ్రెమ్లిన్ ఫిఫినెల్లా. నెత్తిన బుల్లి కొమ్ములు, వీపున రెక్కలు, కళ్లకి గాగుల్స్. టెక్సస్‌లోని స్వీట్‌వాటర్‌లో శిక్షణ పొందిన మహిళా పైలట్లు, వాస్ప్‌లు, దాన్ని తమ గుర్తుగా తెచ్చుకున్నారు. పాతికవేల మందికి పైగా దరఖాస్తు పెడితే శిక్షణ పూర్తిచేసింది 1,074 మంది. ఫ్యాక్టరీ నుంచి విమానాలు తీసుకెళ్లి స్థావరాలకి అప్పగించేవారు. గన్నర్లు గురి నేర్చుకోవడానికి గుడ్డ లక్ష్యాన్ని విమానం వెనక కట్టుకుని ఎగిరేవారు, కింద నుంచి నిజమైన గుళ్లే పేల్చేవారు. 38 మంది చనిపోయారు. సైనికులుగా లెక్కలేదు కాబట్టి శవపేటిక మీద జెండా కప్పే హక్కు కూడా ఇవ్వలేదు, ఇంటికి పంపే ఖర్చుకి తోటి అమ్మాయిలే చందాలేసుకున్నారు. 1977లో గానీ ప్రభుత్వం వాళ్లని మాజీ సైనికులుగా ఒప్పుకోలేదు. ఆ బుల్లి కొమ్ముల బొమ్మ చూసినప్పుడు ఈ సంగతి కూడా నీకు గుర్తుండాలి.

ఇంకో రెండు చెప్తాను, నీ స్నేహితులకి చెప్పుకోవచ్చు. బ్రిటన్‌లో 1942లో 'గోల్డ్‌ఫిష్ క్లబ్' అని పెట్టారు. విమానం సముద్రంలో పడి, రబ్బరు పడవ లాంటివాటి వల్ల బతికి బయటపడ్డవాళ్లే సభ్యులు. పడవలు తయారుచేసే కంపెనీ ఉద్యోగి రాబర్ట్‌సన్ ఆలోచన అది. నీళ్ల మీద రెక్కలున్న బంగారుచేప బొమ్మ. యుద్ధంలో బట్టకి కరువు వచ్చింది కదా, జనం పాత విందు సూట్లు ఇస్తే ఆ నల్లగుడ్డ మీద పట్టుదారంతో కుట్టారు! యూనిఫాం మీద పెట్టుకోకూడదన్నారు, దాంతో జేబు మూత కింద దాచి కుట్టుకున్నారు. రెండోది 'ఆలస్యంగా వచ్చినవాళ్ల క్లబ్'. 1941లో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో పుట్టింది. విమానం కూలి, శత్రువుల మధ్యనుంచి నడుచుకుంటూ తిరిగొచ్చినవాళ్లకి రెక్కలున్న బూటు గుర్తు ఇచ్చేవారు. 'తిరిగి రావడానికి ఆలస్యమంటూ లేదు' అన్నది వాళ్ల మాట. ఐరోపాలో కూలి తప్పించుకుని వచ్చిన అమెరికన్లు కూడా దాన్ని పెట్టుకున్నారు, కోటు మడత కింద కనిపించకుండా. తమని దాచిన పల్లెటూరివాళ్ల జోలికి శత్రువు వెళ్లకూడదు కదా, ఎలా తప్పించుకున్నారో ఎవరికీ చెప్పకూడదు.

*క్షమించండి, సూటిగా అడుగుతున్నాను. బాంబులేసి మనుషుల్ని చంపిన పని మీద జోకులు కుట్టించుకోవడం, వాటిని మీరు ముచ్చటగా దాచుకోవడం తప్పనిపించదా?*
– ఒక ఉపాధ్యాయురాలు

క్షమాపణ ఎందుకండీ, అడగాల్సిన ప్రశ్న. నేను చాలా రాత్రులు దీని గురించి ఆలోచించాను.

అన్ని జోకులూ ఒకటి కావు. డోనవాన్ మాటలో నవ్వు తన మీద, తన చావు మీద. గాలిదొంగ ప్యాచ్‌లో తనని తిట్టిన మాట మీద. ఉత్తర వియత్నాం పక్కనున్న టోంకిన్ సింధుశాఖలో యుద్ధనౌకల మీద పనిచేసినవాళ్లు 'టోంకిన్ గల్ఫ్ యాట్ క్లబ్' అని కుట్టించుకున్నారు, డబ్బున్నవాళ్లు పడవల్లో విహరించే క్లబ్బులా. అదే సింధుశాఖలో 1967 జులై 29న ఫారెస్టల్ నౌక డెక్ మీద మంటలు లేచి 134 మంది పోయారు. తాము ఉన్నచోటు మీద తామే వేసుకున్న జోకు అది. వీటిని నేను ప్రేమగానే దాచుకుంటాను, ఆ మాట చెప్పడానికి నాకు సంకోచం లేదు.

కింద ఉన్నవాడి మీద వేసిన జోకులు వేరే. వియత్నాం అడవుల మీద చెట్ల ఆకులు రాల్చే మందు చల్లిన 'రాంచ్ హ్యాండ్' విమానదళంలో ఒక నినాదం చెలామణి అయింది. అమెరికాలో అడవుల్లో నిప్పు రాకుండా చూడమని చెప్పే ఎలుగుబంటి పోస్టర్ ఉంటుంది, 'అడవి మంటల్ని ఆపగలిగింది మీరే' అని. దాన్ని మార్చి 'అడవుల్ని ఆపగలిగింది మీరే' అన్నారు. 1962 నుంచి 1971 దాకా ఏడు కోట్ల లీటర్లకి పైగా మందు చల్లారు, అందులో ఏజెంట్ ఆరెంజ్ అనే రకం ఎక్కువ. దాని వల్ల జబ్బుపడ్డవాళ్లు ఆ నేల మీదా ఉన్నారు, చల్లినవాళ్లలోనూ ఉన్నారు. 1991 గల్ఫ్ యుద్ధంలో కామెల్ (అంటే ఒంటె) అనే సిగరెట్ ప్రకటనని తిప్పి, ఒంటె బొమ్మ పెట్టి, 'ఒంటెని కాల్చడానికి పదివేల మైళ్లు ఎగురుతాను' అని ప్యాచ్ వేశారు. ఒంటె అంటే అక్కడ ఎవరో చెప్పనక్కర్లేదు. ఒకరు ఊరికే ఇస్తానన్నా నేను తీసుకోలేదు. ఇంకో సేకర్త తీసుకుని, పక్కన పూర్తి వివరం రాసి ఆల్బంలో పెట్టుకున్నాడు. ఆయన చేసిందీ సబబే అంటాను, చెత్తబుట్టలో వేస్తే ఆ మాట అన్నారన్న సాక్ష్యమే పోతుంది.

నేను మోసపోయి కొన్న ఆ హైవే పోలీసుల ప్యాచ్ సంగతే చూడండి. లావోస్‌లో యుద్ధం చేస్తున్నామని అమెరికా ప్రభుత్వం ఏళ్లతరబడి బయటికి ఒప్పుకోలేదు. 1964 నుంచి 1973 దాకా అక్కడ ఇరవై లక్షల టన్నుల బాంబులు పడ్డాయి. పేలనివి ఇప్పటికీ పొలాల్లో పిల్లల చేతికి దొరుకుతున్నాయి. ప్రభుత్వం దాచిన ఆ మాట అప్పట్లోనే దర్జీ షాపులో గుడ్డ మీద కుట్టి ఉంది. అందుకే ఆ ప్యాచ్ అసలుది దొరికితే ఇప్పటికీ కొంటాను. నా ఆల్బంలో దాని పక్క పేజీ ఆ పొలాల గురించి రాయడానికి ఖాళీగా ఉంచాను.

*వీటిని ఎలా భద్రపరచాలి? ఉతకొచ్చా?*
– ఇద్దరు ముగ్గురు పాఠకులు

ఉతక్కండి. పాత రంగులు కారతాయి, పైగా చెమట మరకా, నూనె మరకా కూడా దాని చరిత్రే. ఇస్త్రీ వద్దు, జిగురు అసలే వద్దు. మామూలు ప్లాస్టిక్ కవర్లు కొన్నేళ్లకి జిగటగా మారి దారాలకి అంటుకుంటాయి. ఆమ్లం లేని కాగితం మధ్య పెట్టి, ఎండా తేమా తగలని చోట పరిచి ఉంచండి. గోడకి తగిలించాలని ఉంటే కాపీ తగిలించండి. జాకెట్ మీద కుట్టుకోవాలన్నా కాపీయే, అది కూడా మీరు చెయ్యని యుద్ధం చేసినట్టు చెప్పుకోకుండా.

*మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. పక్కింటి పెద్దాయన, వియత్నాంలో విమానాలు బాగుచేసేవాడట, ఒక ప్యాచ్ బహుమతిగా ఇచ్చాడు. టోపీ, ముసుగు వేసుకున్న చిన్న దయ్యం బొమ్మ. వివరం చెప్పగలరా అమ్మా?*
– ఒక తండ్రి

చాలా మంచి బహుమతి. ఆ దయ్యం పేరు 'స్పూక్'. ఫాంటమ్ విమానం తయారుచేసిన మెక్‌డొనెల్ కంపెనీలో ఆంథొనీ వాంగ్ అనే చిత్రకారుడు గీశాడు. ఫాంటమ్‌ని వెనకనుంచి చూస్తే తోక రెక్కలు రెండూ కిందికి వాలి ఉంటాయి. దాన్నే ఆయన వెడల్పు అంచు టోపీ చేశాడు. ఒంటికి నల్ల ముసుగు, కాళ్లకి ఆటబూట్లు. నడిపేవాళ్ల ప్యాచ్ మీద 'ఫాంటమ్ ఫ్లయర్' అనీ, బాగుచేసేవాళ్ల ప్యాచ్ మీద 'ఫాంటమ్ ఫిక్సర్' అనీ ఉంటుంది. ఫాంటమ్‌లో 'పీ-హెచ్' అక్షరాలున్నాయి కాబట్టి తక్కిన మాటల్లోనూ 'ఎఫ్' తీసేసి 'పీ-హెచ్' పెట్టారు. మీ అబ్బాయి దగ్గరున్నది రెండోది అయ్యుండాలి, చూడమనండి. పైలట్ల ప్యాచ్‌లు నాకు చాలా వచ్చాయి. మెకానిక్‌లవి తక్కువ, వాళ్ల కథలు ఇంకా తక్కువ.

అందుకే ఒక మనవి. మీ అబ్బాయిని ఈ వారమే, ఆలస్యం చెయ్యకుండా, ఆ పెద్దాయన దగ్గర కూర్చోమనండి. ఏ ఊరి స్థావరం, ఏ సంవత్సరం, ప్యాచ్ కంపెనీవాళ్లు ఇచ్చిందా, గేటు బయట కుట్టించిందా, కుట్టించిందైతే ఆ షాపులో మిషన్ మీద కూర్చున్నది మగమనిషా ఆడమనిషా, ఆమె పేరేమైనా గుర్తుందా అని అడగమనండి. ఆయన బాగుచేసి పంపిన విమానాల్లో తిరిగిరానిది ఉందా అని కూడా అడగొచ్చు, కానీ ఆయన మొహం చూసి. చెప్పింది చెప్పినట్టు కాగితం మీద రాసి, తేదీ వేసి, ప్యాచ్‌తో పాటే దాచమనండి. నా మొదటి ప్యాచ్‌కి ఆ కాగితం లేదు. గాలిదొంగ ఎవరి భుజం మీద ఉండేవాడో, 'ఆర్' అక్షరానికి ముందు కాలు వేసిన ఆ చెయ్యి ఎవరిదో కనుక్కోవడానికి నాకిప్పుడు ఏ దారీ లేదు.

వీలైతే ఆ కాగితం నకలు, ప్యాచ్ ఫొటోలు నాకు పంపించండి. రెండు వైపులా తియ్యమని మాత్రం మర్చిపోకుండా చెప్పండి.